బాబాయి 36వ అధ్యాయం చదివారు, 27వది చదవలేదు

ప్రశ్న

గుంటూరు వైపు పల్లెలో పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. సారం ఇది. తండ్రి పోయి 14 నెలలైంది. ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. తల్లి ఊళ్లో ఒక్కతే ఉంటోంది. నాయనమ్మ, తాతయ్య లేరు. 1996లో తాతయ్య ఉండగానే కొడుకులిద్దరికీ పంపకాలు చేసి రిజిస్టరు చేయించాడు. తండ్రి వాటాకు మూడెకరాల మాగాణి వచ్చింది. పాస్‌పుస్తకం ఆయన పేరునే ఉంది. వీలునామా లేదు. ఆయనకు నడుం పోయినప్పటి నుంచి, అంటే ఎనిమిదేళ్లుగా, బాబాయే ఆ పొలం చేస్తూ నోటిమాట మీద కౌలు ఇస్తున్నాడు.

బాబాయి చర్చిలో సంఘ పెద్ద కూడా. తండ్రి జ్ఞాపకార్థ కూడికలో ఆయన లేచి బైబిల్లోని సంఖ్యాకాండం 36వ అధ్యాయం చదివి, "ఆడపిల్ల వేరే గోత్రానికి వెళ్తే స్వాస్థ్యం (వారసత్వంగా వచ్చే భూమి) వెంట పోకూడదని దేవుడే చెప్పాడు. మీరిద్దరూ బయటి సంబంధాలు చేసుకున్నారు. పొలం మా ఇంట్లోనే ఉండాలి" అన్నారట. చెల్లెలు తన వాటా అమ్మి పిల్లల ఫీజులు కట్టాలనుకుంటే, "నాబోతు ప్రాణం పోయినా అమ్మలేదు" అన్నారట. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన తర్వాత ముగ్గురూ కాగితం మీద సంతకాలు పెట్టాలని కబురు వచ్చింది. తల్లి, "పోనివ్వండమ్మా, లేవీయులకు భూమి ఉందా? యెహోవాయే వాళ్ల స్వాస్థ్యం" అంటోంది. ఈమె అడిగేది ఒక్కటే: "ఆ వాక్యం నిజంగా మాకు వర్తిస్తుందా? నా వాటా నేను అడిగితే నాకు విశ్వాసం తక్కువైనట్టా?"

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ముడులు కలిసి పడ్డాయి. ఒకటి పొలం ముడి, రెండోది వాక్యం ముడి. మొదటిది తేలిగ్గానే విడుతుంది. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది రెండోది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

సంఖ్యాకాండం 36 ఒక వ్యాజ్యంలో రెండో వాయిదా లాంటిది. మొదటి వాయిదా 27లో నడిచింది. మనష్షే గోత్రపు సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని ఐదుగురు కూతుళ్లు. వాళ్లు ప్రత్యక్షపు గుడారం ద్వారం దగ్గర మోషే, యాజకుడు ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజం చూస్తుండగా నిలబడి అడిగారు. మా నాన్న అరణ్యంలో చనిపోయాడు, మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటులో కలవలేదు, కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు వంశంలోంచి ఎందుకు మాసిపోవాలి, ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ భాగం ఇవ్వండి అన్నారు. మోషే తనంతట తాను తీర్పు చెప్పలేదు, దేవుని దగ్గరికి తీసుకెళ్లాడు. వాళ్లు చెప్పింది సరిగ్గా ఉందని జవాబు వచ్చింది. ఆ ఐదుగురికి మేలు జరగడంతో అది ఆగలేదు, అందరికీ వరస ఏర్పడింది. చనిపోయినవాడి స్వాస్థ్యం కొడుకుకు. కొడుకు లేకపోతే కూతురికి. కూతురు కూడా లేకపోతే అన్నదమ్ములకు. వాళ్లూ లేకపోతే తండ్రి అన్నదమ్ములకు, ఆ తర్వాత దగ్గరి రక్తబంధువుకు.

ఈ వరసలో మీ బాబాయి వంతు మూడోది. మీరిద్దరూ ఉండగా ఆ వంతు అసలు రానే రాదు.

ఇక 36. ఇక్కడ వచ్చి అడిగింది అదే మనష్షే గోత్రంలోని గిలాదు వంశపు పెద్దలు. వాళ్ల భయం అర్థం కావాలంటే ఆ దేశంలో భూమి ఎలా పంచారో చూడాలి. భూమి మనిషికి కాదు, ముందు గోత్రానికి, గోత్రంలో వంశానికి, వంశంలో ఇంటికి వచ్చింది. పెద్ద గోత్రానికి పెద్ద భాగం, చిన్నదానికి చిన్నది, ఎవరిది ఎక్కడన్నది చీటి తేలుస్తుంది. అందులోనూ హడావుడి లేదు. ఏడు గోత్రాలకు ఇంకా భూమి రాకపోతే, మోషే తర్వాత నాయకుడైన యెహోషువ, గోత్రానికి ముగ్గురి చొప్పున, అంటే 21 మందిని, దేశమంతా తిరిగి ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకు రమ్మని పంపి, వాళ్లు వచ్చాకే షిలోహులో చీట్లు వేశాడు. ముందు సర్వే, తర్వాత రాత, ఆ తర్వాత చీటి.

అలా పడిన హద్దు చెదరకూడదు. బిడ్డ తండ్రి గోత్రం కిందికి వస్తాడు. భూమి ఉన్న ఆడపిల్ల యూదా గోత్రం వాణ్ని చేసుకుంటే, ఆమె కొడుకు యూదావాడు, మనష్షే మధ్యలో ఆ పొలం యూదాదవుతుంది. అమ్మిన భూమైతే సునాద సంవత్సరంలో, అంటే 50వ ఏట, తిరిగి సొంత ఇంటికి వస్తుంది. వారసత్వంగా వెళ్లింది రాదు. అది అమ్మకం కాదు కదా! పెద్దల వాదనలో బలం అక్కడుంది. దానికి వచ్చిన జవాబులో మొదటి ముక్కను చాలామంది దాటేస్తారు: వాళ్లు తమకిష్టమైనవాళ్లను పెళ్లి చేసుకోవచ్చు. రెండో ముక్క: అయితే తండ్రి గోత్రం లోపలే. 8వ వచనం దాన్నే భూమి ఉన్న ఆడపిల్లలందరికీ చెబుతుంది. ఐదుగురూ తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులను చేసుకున్నారు.

అందులో లేనిది కూడా చూడండి. బయట పెళ్లి చేసుకుంటే కూతురి భూమి పోతుందన్న మాట ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పోయి చిన్నాన్నకు చేరుతుందన్న మాట అసలే లేదు. గిలాదు పెద్దలు కూడా "ఆ భూమి మాకివ్వండి" అనలేదు. కూతుళ్ల హక్కు ఒప్పుకునే మాట్లాడారు.

మన తెలుగులో ఇంకో తిరకాసుంది. హీబ్రూలో ఇక్కడున్న మాట 'మత్తె', అంటే కర్ర. దాన్ని మన బైబిల్లో 'గోత్రము' అన్నారు. మన చెవికి గోత్రం అనగానే పెళ్లితో మారేది, పెళ్లికి ఒకటి కాకూడనిది గుర్తొస్తుంది. ఇశ్రాయేలులో లెక్క తలకిందులు: గోత్రం లోపల చేసుకోమన్నారు. 36వ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పాటించాలంటే మీరు బాబాయి కొడుకును చేసుకుని ఉండాలి. మన వరసలో అతను మీకు తమ్ముడు! ఆ మాట బాబాయే ఒప్పుకోరు. కాబట్టి ఆయన కూడా ఆ అధ్యాయాన్ని అక్షరాలా పాటించడం లేదు, పనికొచ్చిన సగమే తీసుకున్నారు. దురుద్దేశంతోనే చేశారని నేననను. చిన్నప్పటి నుంచి విన్న ప్రసంగాల్లో 36 అంతవరకే చెప్పి ఉండొచ్చు.

ఆ నియమం కాపాడిన గోత్రాల పటం ఇప్పుడు ఉందా? యొర్దాను నదికి తూర్పున ఉన్న రూబేను, గాదు గోత్రాలను, మనష్షే అర్ధగోత్రాన్ని ముందే అష్షూరు రాజ్యం చెరపట్టింది. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు ఉత్తర రాజ్యపు రాజధాని షోమ్రోను పడింది. గోత్రాలు తమ తమ చోట్ల లేనప్పటి నుంచే సునాద సంవత్సరం ఆగిపోయిందని యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముదు చెబుతుంది. పెళ్లి షరతు సంగతి ఇంకా ముందుది. అది దేశం పంచుకున్న ఆ ఒక్క తరానికే అని యూదు మతగురువులైన రబ్బీలు తేల్చారు. గోత్రాల మధ్య పెళ్లిళ్లకు మళ్లీ దారి తెరిచిన రోజుగా యూదుల ఆవ్ నెల 15ను తాల్ముదు చెప్పుకుంటుంది. ధర్మశాస్త్రాన్ని చుక్క పొల్లు పోకుండా చూసినవాళ్లే వదిలేసిన షరతును మూడెకరాల మాగాణి గట్టు మీద మళ్లీ నిలబెట్టడం ఎందుకు?

విశ్వాసం తక్కువా అని అడిగారు. ఆ ఐదుగురు ఎప్పుడు అడిగారో చూడండి. ఇశ్రాయేలు ఇంకా మోయాబు మైదానంలో ఉంది, యొర్దాను దాటలేదు. ఒక్క సెంటు చేతికి రాలేదు. కనాను చూసొచ్చిన పన్నెండు మందిలో పదిమంది మాట విని ఒక తరమంతా వెనక్కి పోదామని ఏడ్చిన జనంలో, చూడని నేలలో వాటా కోరారు వీళ్లు. దేవుడు ఇస్తానన్నది ఇస్తాడని నమ్మకపోతే అడిగేవాళ్లా? అక్కడితో ఊరుకోలేదు కూడా. యెహోషువ 17లో, పంపకం రోజున, ఎలియాజరు ముందుకు మళ్లీ వచ్చి, మోషేకు ఇచ్చిన ఆజ్ఞ గుర్తుచేశారు. మాట ఇచ్చారు కదా అని ఇంట్లో కూర్చుంటే వచ్చేది కాదేమో.

వాళ్లకేం వచ్చిందో లెక్క కూడా ఉంది. యొర్దానుకు పడమట మనష్షేకు పది భాగాలు పడ్డాయి. గిలాదు సంతతి వంశాలు ఆరు: అబీయెజెరు, హెలెకు, అశ్రీయేలు, షెకెము, హెపెరు, షెమీదా. సెలోపెహాదు హెపెరు కొడుకు. హెపెరు తప్ప మిగతా ఐదింటికి ఐదు, హెపెరు చోట మనవరాళ్లకు ఐదు. దానికంటే నాకు ముచ్చటగా అనిపించేది వేరే ఉంది. 1910లో షోమ్రోను తవ్వకాల్లో క్రీ.పూ. 8వ శతాబ్దపు కుండపెంకులు దొరికాయి. ద్రాక్షారసం, నూనె ఏ ప్రాంతం నుంచి వచ్చాయో సిరాతో రాసుకున్న చిట్టాలవి. ఆ ప్రాంతాల పేర్లలో అబీయెజెరు, హెలెకు లాంటి మగవాళ్ల పేర్లతో పాటు నోయా, హొగ్లా ఉన్నాయి. తిర్సా పేరుతో ఉన్న పట్టణం షోమ్రోను కంటే ముందు ఉత్తర రాజ్యానికి రాజధాని. నాన్న పేరు మాసిపోతుందని అడిగిన ఆడపిల్లల పేర్లే ఆ నేలకు నిలిచాయి.

నాబోతు దగ్గరికి వద్దాం. నాబోతు పొలం చేతిలో ఉన్న వారసుడు. అడిగింది ఇరుగుపొరుగున ఉన్న బలవంతుడు, రాజు అహాబు. ఇంకా మంచి ద్రాక్షతోట ఇస్తాను, లేదా వెల ఇస్తానన్నా నాబోతు ఒప్పుకోలేదు. అప్పుడు యెజెబెలు ఉపవాసం చాటించి, పెద్దలను కూర్చోబెట్టి, ఇద్దరు అబద్ధ సాక్షులను పెట్టింది. భూమి లాక్కోవడానికి భక్తి సభను వాడుకున్న కథ అది. నాబోతు కొడుకులను కూడా చంపారని రెండో రాజుల గ్రంథం 9లో తెలుస్తుంది, వారసులు మిగలకూడదు కదా. ఈ పోలిక బాబాయి ముఖం మీద అనమని చెప్పడం లేదు, అంటే మాటలు ఆగిపోతాయి. కానీ మీ మనసులో నాబోతు ఎవరో, పొలం అడుగుతున్నది ఎవరో తారుమారు కాకూడదు.

అమ్మడం పాపమా? లేవీయకాండం 25 అమ్మకాన్ని కాదనలేదు, శాశ్వత అమ్మకాన్ని కాదంది, భూమి నాది, మీరు నా దగ్గర కాపురమున్న పరదేశులు అని. అక్కడ వెల కట్టేది నేలకు కాదు, సునాద సంవత్సరం దాకా మిగిలిన పంటలకు. ఎక్కువ ఏళ్లుంటే ఎక్కువ వెల, తక్కువుంటే తక్కువ. మన భాషలో అది అమ్మకం కంటే దీర్ఘకాలపు కౌలుకు దగ్గర. ప్రాకారమున్న పట్టణంలో ఇంటికైతే ఏడాదిలోపే విడిపించుకునే వీలు, ఆ తర్వాత కొన్నవాడిదే. ఇబ్బందుల్లో అమ్మితే దగ్గరి బంధువు వచ్చి విడిపించాలి. విడిపించడమంటే డబ్బు కట్టడం, ఉత్తినే తీసుకోవడం కాదు. ప్రవక్త యిర్మీయా తన చిన్నాన్న కొడుకు హనమేలు దగ్గర అనాతోతు పొలాన్ని 17 షెకెళ్ల వెండి తూచి కొన్నాడు. షెకెలు సుమారు 11 గ్రాములు, మన తులానికి దగ్గరే, తెలుగు బైబిల్లోనూ తులమనే రాశారు. సాక్షులను పెట్టి, ముద్ర వేసిన పత్రం ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి రాయించి, చాలాకాలం ఉండేలా మట్టికుండలో భద్రం చేయించాడు. బంధువుతో వ్యవహారం కదా, కాగితం ఎందుకు అనలేదు.

మీ అమ్మగారి మాట భక్తితో అన్నదే. అయితే దేవుని గుడారపు సేవకు కేటాయించిన గోత్రమైన లేవీయులను ఒట్టి చేతులతో వదిలేయలేదు. వాళ్లకు 48 పట్టణాలు, చుట్టూ పశువులకు బీళ్లు, మిగతా గోత్రాల నుంచి దశమభాగం ఏర్పాటు చేశారు. యెహోవాయే స్వాస్థ్యం అనే మాటకు వెనక తిండికీ నీడకూ ఆధారం ఉంది. అమ్మగారికి పొలం లేకుండా చేసేవాళ్లు ఆ ఆధారం కూడా చూపించాలి. ఇంకోటి: సంఖ్యాకాండం 27 వరసలో భార్య పేరే లేదు. బాబాయి చెప్పినట్టు ధర్మశాస్త్రంతోనే పంచితే మీ అమ్మగారికి వచ్చేది సున్నా. మన చట్టం ఆ విషయంలో మెరుగు.

ఆ చట్టం సంగతి. మీ నాన్నగారు బాప్తిస్మం పొందినా సర్టిఫికెట్లలో హిందూ అని ఉందని రాశారు. భయపడకండి, మీ ఇంటి లెక్కలో రెండు దారులూ ఒకేచోటికి వస్తాయి. 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కింద భార్య, ఇద్దరు కూతుళ్లకు తలా ఒక వాటా. ఎలా చూసినా తలా ఎకరం. మీ పెళ్లి ఎవరితో అయిందన్నది రెండింట్లోనూ లెక్కలోకి రాదు. మీరు ఉండగా బాబాయికి వాటా రాదు. ఒక్కటి చూసుకోండి: అది ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమైతే వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి ఆంక్షలుంటాయి. ఒక రకంగా సునాద సంవత్సరపు భూమికి మన దగ్గరున్న చుట్టం అదే.

మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, ముగ్గురి పేర్ల మీద ఎక్కించుకుని, పొలం బాబాయికే రాతపూర్వకంగా కౌలుకివ్వడం. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాస్‌పుస్తకం, 1996 పంపకాల దస్తావేజు, 1బి (రెవెన్యూ హక్కుల రికార్డు), ఈసీ (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) చేతిలో పెట్టుకుని మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పుకు, దరఖాస్తు చేయాలి. చుట్టరికం తెగకుండా మిగిలే అవకాశం ఇక్కడే ఎక్కువ. ఆయనకు సాగు పోదు, మీకు హక్కు పోదు. చిక్కల్లా ఏటా కౌలు అడగాల్సి రావడమే. కౌలు బ్యాంకులో వేయించండి. ఎనిమిదేళ్లు నోటిమాట మీద నడిచింది. కౌలు అన్న ఆనవాలు ఎక్కడా లేకుండా 12 ఏళ్లు దాటిన స్వాధీనం కోర్టుల్లో ఎన్ని మలుపులు తిరుగుతుందో ఏ లాయరునడిగినా చెబుతాడు.

రెండోది, మీ చెల్లెలు తన ఎకరం అమ్ముకోవడం. ముందు సర్వే చేయించి సబ్‌డివిజన్ రాళ్లు వేయించుకోవాలి. లేకపోతే కొన్నవాడు ఏ మూల ఎకరం అని గట్టు దగ్గర కూర్చుంటాడు. బాబాయికి మొదటి అవకాశం ఇమ్మని నా సలహా. ఊళ్లో నడుస్తున్న ధరకు, మూడు నెలల గడువుతో, రాసి అడగండి. పొలం ఇంట్లోనే ఉండాలన్న ఆయన మాటకు యిర్మీయా చూపిన మర్యాద అది. ధర తగ్గించాలా వద్దా అన్నది మీ చెల్లెలి ఇష్టం, మీది కాదు.

మూడోది, వదులుకోవడం. ఇది తప్పు కాదు. మనస్ఫూర్తిగా ఇస్తే దానం. మొహమాటానికి సంతకం పెడితే మాత్రం అది పదేళ్ల తర్వాత కూడా కడుపులో మంటగానే ఉంటుంది. ఇవ్వదలిస్తే మీ ఎకరం మీరివ్వండి, అమ్మగారిదీ చెల్లెలిదీ వాళ్ల నోటితో వాళ్లే తేల్చుకోవాలి. అమ్మగారు ఇస్తానంటే, ముందు ఆమె తిండి, మందులు ఎవరివో కాగితం మీదకు రావాలి. రిజిస్టరైన హక్కు విడుదల దస్తావేజు తేలిగ్గా వెనక్కి రాదు.

నాలుగోది కోర్టు. "సహోదరులు కోర్టుకెక్కకూడదు" అని మొదటి కొరింథీ 6 చూపిస్తారు, సిద్ధంగా ఉండండి. అన్యాయం సహించకూడదా అని పౌలు అడిగిన మాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసేయను. మరుసటి వచనంలోనే, మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే అని అవతలి పక్కకూ తిరిగాడు. నా ఉద్దేశంలో ఇది చివరి మెట్టు. ఏళ్లు పడుతుంది, ఖర్చవుతుంది, ఊళ్లో అమ్మగారు ఒంటరిగా మాటలు పడాలి. పేర్లు ఎక్కించుకోవడం కోర్టుకెక్కడం కాదు, ఆ రెండింటినీ కలిపి ఎవరైనా మాట్లాడితే విడదీసి చెప్పండి.

సంఘంలో కూర్చుని మాట్లాడటానికి అభ్యంతరం లేదు. ఒక మనిషి వచ్చి, మా అన్నతో పిత్రార్జితం పంచిపెట్టించమంటే, మీ మీద నన్ను తీర్పరిగా ఎవరు పెట్టారని యేసు అడిగాడు. పక్కనే లోభం గురించి హెచ్చరించాడు, అది అడిగేవాళ్లకూ ఆపేవాళ్లకూ కూడా. అందుకని సంఘాన్ని మాటలు కలపడానికి పిలవండి, పంపకానికి కాదు. బాబాయి పెద్దగా ఉన్న కమిటీ కాకుండా ఇరుపక్షాలకూ కావలసిన ఇద్దరిని అడగండి.

ఆ ఆదివారానికి వెళ్లండి, అమ్మగారిని ఒంటరిగా పంపకండి. కూర్చున్నాక, "బాబాయ్, 36 మీరు చదివారు కదా, 27లో 8 నుంచి 11 దాకా కూడా మీరే చదవండి" అని అడగండి. ఆయనే గట్టిగా చదివితే మీరు వాదించాల్సింది సగం తగ్గుతుంది. కాగితం ముందుకు తోస్తే, "లాయరుకు చూపించి చెబుతాం" అని నకలు తీసుకుని వచ్చేయండి. తెల్లకాగితం మీద గానీ, ఖాళీలున్న స్టాంపుపేపరు మీద గానీ ముగ్గురిలో ఎవరూ సంతకం పెట్టొద్దు. ఈ పంట కౌలు సంగతి మాత్రం ఆరోజే తేల్చుకోండి, నాట్లు పడ్డాక అడిగితే మళ్లీ ఏడాది ఆగాలి.